ఎడమ పక్క అద్దం

మా నాన్నను సైకిలుతో గుద్దిందెవరో కనిపెట్టడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజులూ దోషి నా కళ్లెదుటే తిరిగాడు.

ఎండాకాలం మొదలై వారమైంది. ఉదయం తొమ్మిదికి, ఆఫీసులో కాలవ గట్టు దారి నక్షా బల్ల మీద పరుచుకుంటుండగా అమ్మ ఫోన్ చేసింది.

"కంగారు పడకు," అంది. అమ్మ అలా మొదలుపెట్టిందంటే కంగారు పడాల్సిన విషయమే. "మీ నాన్న నడకకి వెళ్లి కాలు జారి పడ్డారు. మణికట్టు కాస్త విరిగింది."

"కాస్త విరగడమేంటమ్మా?"

"కట్టు వేశారు, ఇంటికొచ్చేశాం. అల్లుడు ఆసుపత్రిలోనే ఉన్నాడుగా, దగ్గరుండి చూసుకున్నాడు."

మా ఆయన ఆ ఆసుపత్రిలోనే నర్సు. అందుకని నేను కాస్త కుదుటపడ్డాను. అక్కడే మొదటి పొరపాటు చేశాను.

నాన్న ముప్పై ఒక్క ఏళ్లు సిటీ బస్సు నడిపాడు. రెండేళ్ల కిందట వచ్చిన పక్షవాతం ఆయన కాలిని మెల్లగా వదిలిపెట్టింది కానీ, చూపులో ఎడమ సగాన్ని పట్టుకుపోయింది. ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది, కుడి పక్కది కనిపిస్తుంది, ఎడమ పక్క ఏమీ ఉండదు. అందుకని అమ్మ ఎప్పుడూ ఆయనకు ఎడమ పక్కనే నడుస్తుంది. "బస్సుకి ఎడమ అద్దం ఊడిపోయింది. మీ అమ్మని బిగించుకున్నా," అంటాడు అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ. రోజూ రెండు కిలోమీటర్లు నడవాల్సిందే, మానేస్తే కాలు బిగుసుకుపోతుందని డాక్టరు గట్టిగా చెప్పాడు. అలా ఇద్దరూ రోజూ పొద్దున్నే కాలవ గట్టు దారి పట్టేవాళ్లు.

ఆ సాయంత్రం చేతికట్టుతో అవస్థ పడుతున్న నాన్నకు చొక్కా మార్చాను. ఎడమ డొక్కలో, పక్కటెముకల మీద నల్లగా కమిలిన మచ్చ కనిపించింది. గుండ్రంగా, గీసినట్టుంది.

"నాన్నా, ఇదేంటి?"

"ఏది?"

వేలితో తాకాను. ఉలిక్కిపడ్డాడు.

"దోమ," అన్నాడు.

"దోమా?"

"పెద్ద దోమ."

కాలు జారినవాడికి డొక్కలో గుండ్రటి మచ్చ పడదు. సైకిలు హ్యాండిలు చివర ఉండే రబ్బరు పిడి సరిగ్గా ఆ కొలతలోనే ఉంటుంది. మనుషులు నడిచే, సైకిళ్లు తిరిగే దారులు ఎంత వెడల్పు ఉండాలో లెక్కకట్టి గీయడమే నా ఉద్యోగం. ఎన్ని హ్యాండిళ్లు కొలిచానో లెక్కలేదు. ఆ గుండ్రం నాకు బాగా తెలుసు.

వంటింట్లో అమ్మను నిలదీశాను. "ఎవరు గుద్దారు?"

"ఎవరూ గుద్దలేదే."

"అమ్మా."

"నేను చూడలేదే తల్లీ. నేను వెనకాల ఉన్నా," అని గబుక్కున గిన్నె తోమడంలో పడింది. ఆ గిన్నె అప్పటికే తోమి ఉంది.

నాన్నకు వెనకాల అమ్మ ఎందుకుంది? ఆ ప్రశ్న అప్పుడే అడిగి ఉంటే ఈ కథ అక్కడే తేలిపోయేది.

మర్నాడు ఆరు గంటలకు నాన్న లేవలేదు. మూడో రోజు అమ్మ బూట్లు తుడిచి మంచం పక్కన పెట్టింది. ఆయన వాటిని కాలితో మంచం కిందికి తోశాడు. "ఎండలు ముదిరాయి," అన్నాడు. ఎండ ఇంకా గోడ కూడా దిగలేదు. ఎనిమిదో రోజుకి స్నానాల గదికి వెళ్లేటప్పుడు ఎడమ కాలు నేలను రాసుకుంటూ వెళ్లడం నేను విన్నాను. చూడలేదు, విన్నాను. ఆ చప్పుడు రెండేళ్ల కిందటిది. మళ్లీ వచ్చింది.

"మామయ్యా, గట్టు వద్దు, పోనీ మన వీధి చివరిదాకా వెళ్లొద్దామా?" అని మా ఆయన రోజూ బతిమాలేవాడు.

"నీకు డ్యూటీకి టైమవుతోంది. వెళ్లు బాబూ."

ఆయన వెళ్లేవాడు, బస్సులో. సైకిలు పంక్చరైందని చెప్పాడు. కుడి అరచేతికి కట్టు ఉంటే వార్డులో గాజు గుచ్చుకుందన్నాడు. నాకు అవేవీ పట్టలేదు. నా బుర్రంతా ఆ సైకిలువాడి మీదే ఉంది. వాణ్ణి పట్టుకుని నాన్న ముందు నిలబెడితే ఆ బూట్లు మంచం కింది నుంచి బయటికొస్తాయని ఎందుకో గట్టిగా నమ్మాను.

ఆఫీసులో మా పెద్దసారుకి ఇంకో తొందర ఉంది. గట్టు దారి మొదటి భాగం మా వీధి దగ్గర మొదలై నీళ్ల పంపుహౌసు దాకా ఏడాదిన్నర కిందట పూర్తయింది. అక్కడి నుంచి ఆసుపత్రి దాకా రెండో భాగం వేయాలి.

"మొదటిది ఎంత వెడల్పమ్మా?"

"రెండున్నర మీటర్లు సార్."

"ఇదీ అంతే. పట్టిక ఏమంటోంది?"

"గంటకి నూట ఎనభై మందిదాకా రెండున్నర చాలంటోంది. మనకి రద్దీ గంటలో నూట నలభై రెండు వస్తున్నారు."

"మరింకేం? వెడల్పు పెంచితే ఆసుపత్రి కార్లు పెట్టే చోట మీటరున్నర పోతుంది. వాళ్లు ఒప్పుకోరు, నాకు వాళ్లతో పోట్లాడే ఓపిక లేదు. నెలాఖరుకి సంతకాలు."

సరేనని తలూపాను. బయటికొచ్చి నేరుగా లెక్క కాగితాల అల్మారా తెరిచాను. రెండో భాగం కోసం ఆ నెలంతా పంపుహౌసు మలుపు దగ్గర మనిషిని కూర్చోబెట్టి లెక్క పెట్టిస్తున్నాం. నాన్న పడిన రోజు కాగితం తీశాను. ఆరుంబావు నుంచి ఆరున్నర: నడిచేవాళ్లు ఇరవై నాలుగు, సైకిళ్లు పదిహేడు. 'ఇతర విషయాలు' అన్న గడి ఖాళీగా ఉంది. అమ్మ చెప్పిన లెక్కన నాన్న పడింది అప్పుడే, ఆ మలుపు దగ్గరే. ఒక మనిషి చెయ్యి విరిగితే కాగితం మీద చుక్క కూడా పడలేదు.

పదకొండో రోజు పొద్దున లెక్క పెట్టే ఆవిడ దగ్గరికి వెళ్లాను.

ఆవిడను అందరూ టిక్కుటిక్కక్క అంటారు. పెద్ద నల్ల గొడుగు కింద ముక్కాలిపీట వేసుకుని, రెండు చేతుల్లో, నొక్కితే టిక్కుమని ఒక అంకె పెరిగే రెండు లెక్కయంత్రాలు పట్టుకుని కూర్చుంటుంది. కుడి చేతిది నడిచేవాళ్లకి, ఎడమ చేతిది సైకిళ్లకి. ఎదురుగా దారికి అడ్డంగా తెల్ల గీత. అక్కడ దారి ఒక పక్క పంపుహౌసు గోడకీ, ఇంకో పక్క కాలవ కటకటాలకీ మధ్య ఇరుక్కుని మలుపు తిరుగుతుంది. ఎక్కడ దారి ఇరుకో అక్కడ లెక్క పెట్టడం మా ఆఫీసు పద్ధతి.

"అక్కా, పదకొండు రోజుల కిందట ఇక్కడొక పెద్దాయన పడ్డాడు. చూశావా?"

"చూడకేం?" టిక్. "ఇక్కడే కదా కూర్చున్నా." టిక్ టిక్.

"మరి ఎందుకు రాయలేదు?"

మెడలో వేలాడుతున్న ప్లాస్టిక్ కవరు ఎత్తి నా ముఖానికి అడ్డంగా పెట్టింది. "నువ్వే చదువు. 'గీత దాటినవారిని మాత్రమే లెక్కించవలెను. గీత వద్ద జరిగినవి మాత్రమే రాయవలెను.' ఈ చేతిరాత ఎవరిదమ్మా?"

నాదే.

"వాళ్లు పడింది అదిగో, ఆ చెత్తబుట్ట దగ్గర. ఇరవై అడుగులు. ఇద్దరూ గీత దాటలేదు. నొక్కితే తప్పు, రాస్తే తప్పు. నాకెందుకొచ్చిన గొడవ?"

"గుద్దినవాడు ఎలా ఉన్నాడు?"

"నీలం చొక్కా, సైకిలుకి ముందు పచ్చ బుట్ట. రోజూ వచ్చేవాడే. ఆ ముసలాళ్లని చూస్తే చాలు, గంట రెండుసార్లు మోగించి నవ్వుకుంటూ పోయేవాడు. పాపం."

"పాపమేంటి అక్కా? గుద్దినవాడికి పాపమా?"

"నువ్వు చూడలేదు కాబట్టి అంటున్నావ్. పెద్దాయన కంటే అతనే ఎక్కువ ఏడ్చాడు. తన అరచేతులు రెండూ దోక్కుపోయి రక్తం కారుతుంటే చూసుకోనే లేదు. తువ్వాలు తీసి పెద్దాయన చెయ్యి చకచకా మెడకి కట్టేశాడు, రోజూ అదే పనిలా. ఇద్దర్నీ రోడ్డు మీదికి నడిపించుకెళ్లి టాక్సీ ఎక్కించాడు. అతని అన్నం డబ్బా ఎగిరిపడి మూత ఊడింది. దాని పట్టీ ఇక్కడే పడిపోయింది. అడిగితే ఇద్దామని దాచా."

గొడుగు కర్రకు కాగితాలు కట్టుకున్న ఎర్ర రబ్బరు పట్టీ తీసి నా చేతిలో పెట్టింది.

ఆ పట్టీ ఒకచోట తెగితే ముడి వేశారు. రెండు మెలికలు తిప్పి, కొసలు లోపలికి దోపిన ముడి. అలా ముడి వేసేది మా ఇంట్లో ఒక్కరే. నేనే.

కటకటాలు పట్టుకున్నాను.

పట్టీ ఊడిన కాగితాలు గాలికి తిరగబడ్డాయి. ప్రతి కాగితం వెనకా పెన్సిలు గీతలున్నాయి, ఐదేసి చొప్పున కట్టలు కట్టలుగా.

"ఇవేంటి అక్కా?"

"అవా? ఊరికే. తోచక." టిక్. "ఇక్కడిదాకా వచ్చి, మలుపు చూసి వెనక్కి తిరిగిపోయేవాళ్లు. అదిగో చూడు."

చూశాను. చంటిబిడ్డ బండి తోసుకుంటూ ఒకావిడ వచ్చింది. మలుపులోంచి సైకిలు గంట వినగానే ఆగి, బండి తిప్పుకుని వెళ్లిపోయింది. ఆ వెనకే కబుర్లు చెప్పుకుంటూ వస్తున్న ఇద్దరు ముసలివాళ్లు, ఇక్కడితో చాలన్నట్టు వెనక్కి మళ్లారు. లెక్కయంత్రం మోగలేదు. టిక్కుటిక్కక్క పెన్సిలు తీసి మూడు గీతలు గీసింది.

"గంటకి ఎంతమంది ఉంటారు?"

"అరవైకి తగ్గరు. వీళ్లకి గీత దగ్గరికి రావాలంటేనే భయమమ్మా. గీత దాటినవాళ్లనే లెక్కపెట్టమంటే ఎలా?"

నూట నలభై రెండుకి అరవై కలిపాను. రెండువందల రెండు. పట్టిక నూట ఎనభై దగ్గరే ఆగింది.

ఇంటికెళ్లి వెనక వసారాలో సైకిలు మీద కప్పిన పట్టా లాగాను. రెండు టైర్లూ రాయిలా గట్టిగా ఉన్నాయి. పచ్చ బుట్ట మాత్రం ఒక పక్క నలిగిపోయి ఉంది.

మూడింటికి మా ఆయన డ్యూటీ దిగి వచ్చాడు. ఎర్ర పట్టీ బల్ల మీద పెట్టాను.

"చేతికి గాజు గుచ్చుకుందన్నారు."

నీళ్లు నమిలాడు. "గుచ్చుకుంది."

"రెండో చేయి చూపించండి."

చూపించలేదు. కుర్చీలో కూలబడ్డాడు. "చెప్పేద్దామని రోజూ అనుకున్నా. మామయ్య ఒట్టు వేయించుకున్నారు. అత్తయ్య చేత, నా చేత."

"ఇంటిల్లిపాదీ కలిసి నా చెవిలో పువ్వు పెట్టారన్నమాట. అల్లుణ్ణి కాపాడుకోవడానికా ఇదంతా?"

ఆయన నన్ను వింతగా చూశాడు. "నన్నా? నన్ను కాదు."

పక్క గదిలోంచి నాన్న గొంతు. "అమ్మాయీ, ఇలా రా."

నాన్న మంచం మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఎడమ పక్కన అమ్మ. నేను ఆయన కుడి పక్కకు వెళ్లి కూర్చున్నాను, కనిపించేలా.

"అల్లుడి తప్పేం లేదు. రోజూలాగే గంట కొట్టాడు. మీ అమ్మ దారివ్వడానికి వెనక్కి తగ్గింది. అది నాకు తెలీదు. పక్కనే ఉందనుకుని, ఏదో చెబుదామని అటు తిరిగాను."

"ఏం చెబుదామని?" అన్నది అమ్మే. ఆవిడకూ ఇన్నాళ్లూ తెలీదు.

"కాలవలో కొంగ వాలింది. చూడమని." కాస్త సిగ్గుపడ్డాడు. "తిరిగేసరికి నువ్వు లేవు. సైకిలుంది."

ఫ్యాను తిరుగుతోంది.

"మరి నాకెందుకు చెప్పలేదు నాన్నా?"

కట్టు లేని చేత్తో దుప్పటి ముడత సాపు చేశాడు. మళ్లీ మళ్లీ చేశాడు.

"ఆ దారి నువ్వు గీసింది కదమ్మా," అన్నాడు.

అంతే అన్నాడు. వెడల్పు గురించి ఒక్క మాట లేదు. ముప్పై ఒక్క ఏళ్లు సందుల్లో బస్సు దూర్చిన మనిషికి ఆ దారి ఇరుకని మొదటి రోజే తెలిసి ఉంటుంది. తెలిసీ, ఎవరు కనపడితే వాళ్లకు "మా అమ్మాయి గీసిన దారి" అని చెప్పుకుంటూ ఏడాదిన్నరపాటు దాని మీదే నడిచాడు.

దోషి దొరికింది. ఆవిడ ఉద్యోగం కార్డు నా మెడలోనే వేలాడుతోంది.

మర్నాడు సాయంత్రం సుద్దముక్కలూ కొలతటేపూ తీసుకుని డాబా ఎక్కాను. రెండున్నర మీటర్ల దూరంలో రెండు పొడుగాటి గీతలు గీశాను. మా ఆయన సైకిలు భుజాన వేసుకుని మెట్లెక్కాడు. అమ్మ వచ్చింది.

"నేనెందుకు?" అన్నాడు నాన్న కింది నుంచి.

"మాకు బస్సు డ్రైవరు కావాలి నాన్నా. ఇక్కడెవరికీ వెడల్పు అంచనా తెలీదు."

కింద మంచం కిర్రుమంది. తర్వాత మెట్ల మీద ఒక అడుగు, ఒక ఈడ్పు. ఒక అడుగు, ఒక ఈడ్పు. పద్దెనిమిది మెట్లు. నేను గీతలు దిద్దుతున్నట్టు తల వంచుకుని కూర్చున్నాను.

నాన్న, అమ్మ గీతల మధ్య పక్కపక్కన నడిచారు. వెనక నుంచి మా ఆయన సైకిలు మీద నెమ్మదిగా వచ్చి గంట కొట్టాడు. అమ్మ ఠక్కున నాన్న వెనక్కి వెళ్లిపోయింది.

"అమ్మా, ఎందుకు తగ్గావు?"

"తగ్గానా?" అంది అమ్మ. నిజంగానే తెలియక అడిగింది.

మళ్లీ నడిపించాను. మళ్లీ తగ్గింది. గీత చెరిపి మూడు మీటర్లు చేశాను. సగం అడుగు తగ్గింది. మూడున్నర చేశాను. భుజం పక్కకు తిప్పి, చెబుతున్న మాట మధ్యలో ఆపేసింది.

నాన్నకు ఉత్సాహం వచ్చేసింది. గట్టి చేయి ఊపుతూ అల్లుడికి దారి చెబుతున్నాడు. "రానీ, రానీ... కుడికి కొయ్యి... రానీ... ఆపు! అల్లుడూ, ఇది సైకిలా, లారీనా?"

"సైకిలే మామయ్యా. డ్రైవరుకే చేతులు వణుకుతున్నాయి."

"వణక్కు. నేనిప్పుడు చూస్తున్నాగా."

నాలుగు మీటర్లు గీశాను. ఇద్దరూ నడిచారు. నలిగిన పచ్చ బుట్ట గురించి అమ్మ నాన్నకు చెబుతోంది, అల్లుడు దాన్ని బాగుచేయించకుండా ఎలా దాచాడో, దాచడం కూడా చేతకాలేదని. గంట మోగింది. సైకిలు పక్కనుంచి వెళ్లింది. అమ్మ చెబుతూనే ఉంది. బుట్ట అయిపోయి పట్టా దగ్గరికొచ్చింది.

మాట తెగలేదు.

మా పట్టికలో ఎక్కడా రాయని కొలత అది. నేను నోటుబుక్కులో రాసుకున్నాను: నాలుగు.

సంతకాల రోజు సమావేశంలో ఆసుపత్రి తరఫున ఒకాయన తన కార్ల నక్షాతో వచ్చి కూర్చున్నాడు. నేను కాగితాలను తిరగేసి, వెనక వైపు పైకొచ్చేలా బల్ల మీద పరిచాను.

"మొదటి భాగం వెడల్పు తప్పు సార్. భయపడేచోట కూర్చుని, భయపడనివాళ్లని లెక్కపెట్టాం. రెండో భాగం నాలుగు మీటర్లు కావాలి. మొదటిది కూడా మలుపు దగ్గర వెడల్పు చేయాలి."

పెద్దసారు కళ్లద్దాలు తీశాడు. "మొదటిది గీసింది ఎవరు?"

"నేనే."

"ఫిర్యాదు ఏమైనా వచ్చిందా?"

"లేదు సార్. ఒక ప్రమాదం జరిగింది. చెయ్యి విరిగింది మా నాన్నది. గుద్దింది మా ఆయన."

ఆసుపత్రి ఆయన దగ్గాడు. పెద్దసారు నన్ను చూశాడు, కాగితాలను చూశాడు, మళ్లీ నన్ను చూశాడు. "ఇంట్లో ఇంకెవరైనా మిగిలారా?" అన్నాడు.

"మా అమ్మ ఉంది సార్. ఆవిడే సాక్షి."

ఆయన ఆ రోజు సంతకం పెట్టలేదు. ఇంకో వారం లెక్క పెట్టమన్నాడు, ఈసారి వెనక్కి తిరిగినవాళ్లకు వేరే గడితో. మూడో రోజు పొద్దున్నే చెప్పాపెట్టకుండా పంపుహౌసు దగ్గరికి తానే వచ్చాడు. టిక్కుటిక్కక్క ఆయన్ను ముక్కాలిపీట మీద కూర్చోబెట్టి చేతిలో పెన్సిలు పెట్టిందట. "మాట్లాడకండి, లెక్క తప్పుతుంది," అందట. గంట తర్వాత ఆయన లేచి, ఆమె చేతికి పెన్సిలిచ్చి వెళ్లిపోయాడు. వారం సగటు గంటకు రెండువందల ఐదు. కార్ల చోటు మీటరున్నర వెనక్కి జరిగింది. ఆసుపత్రి ఆయన నాతో ఇప్పటికీ మాట్లాడడు.

ఎండాకాలం చివరి వారంలో మలుపు దగ్గర పంపుహౌసు పాత గోడ కొట్టేశారు. నాలుగు మీటర్లకు మేకులు దిగ్గొట్టి, సున్నంతో గీతలు పోసి, నేల గట్టిగా చదును చేశారు. నాన్న చేతికట్టు విప్పారు. ఆ ఆదివారం పొద్దున ఆరింటికి లేచి చూస్తే మంచం కింద బూట్లు లేవు.

నేను పరుగులాంటి నడకతో వెళ్లేసరికి వాళ్లిద్దరూ చెత్తబుట్ట దాకా వెళ్లారు. అక్కడ నాన్న ఆగాడు. కొంచెం ముందు తెల్ల గీత. సెలవు రోజైనా టిక్కుటిక్కక్క ఎందుకో వచ్చి కూర్చుని ఉంది, గొడుగు లేకుండా.

వెనక నుంచి గంట మోగింది. రెండుసార్లు. కొత్త బుట్ట తగిలించిన సైకిలు, ఆదివారం డ్యూటీకి వెళుతున్న మా ఆయన. నాన్న భుజాలు బిగుసుకోవడం దూరం నుంచే కనిపించింది. అమ్మ కాలు అలవాటుగా వెనక్కి వెళ్లింది.

నాన్న చూడకుండానే ఎడమ చేయి చాపి ఆమె మోచేయి పట్టుకున్నాడు.

"ఎక్కడికి? అద్దం కదలకూడదు."

అమ్మ కదల్లేదు. సైకిలు బోలెడంత జాగాలో పక్కనుంచి సాగిపోయింది. "వెళ్తున్నా మామయ్యా!"

"వెళ్లు, వెళ్లు. బుట్ట జాగ్రత్త!"

ఇద్దరూ మళ్లీ కదిలారు. నాన్న ఏదో చెబుతూ చెబుతూ ఎడమ పక్కకు తల తిప్పాడు. అమ్మ అక్కడే ఉంది. అలా మాట్లాడుకుంటూనే, కింద ఏముందో కూడా చూసుకోకుండా, గీత దాటేశారు.

టిక్కుటిక్కక్క కుడి చెయ్యి పైకెత్తి, నా వైపు చూస్తూ నొక్కింది.

టిక్. టిక్.